కోటప్పకొండ మెట్లు, గుండె లయ, కేయాస్ సిద్ధాంతం

"డాక్టరు గారూ, శివరాత్రికి కొండ ఎక్కవచ్చునా?"

నరసరావుపేట చుట్టుపక్కల వైద్యవృత్తి సాగించిన వారెవరికైనా మాఘమాసం చివరి రోజులలో ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు పల్నాటి పల్లెలు కదలివస్తాయి. ఉపవాసం, జాగరణ, ఎండ, జనసమ్మర్దం, ఆపైన కొండమెట్లు. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది కనుక మోకాళ్ల నొప్పులవారికి, గుండెజబ్బులవారికి బస్సు దారి ఉంది. నేను చెప్పబోయేది మెట్లదారే ప్రధానంగా ఉన్న రోజుల సంగతి.

నలభై ఏళ్ల క్రితం ఈ ప్రశ్న వేసిన ఒక రైతును నేను నేటికీ మరువలేదు. ఆయనకు అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. పత్తి, మిరప పండించేవారు. చుట్ట తాగే అలవాటు ఉంది. రక్తపుపోటు కొద్దిగా ఎక్కువగా కనిపించింది. ఇ.సి.జి. తీశాను. అందులో చెప్పుకోదగ్గ దోషమేదీ లేదు. బయట ఇంకా ముప్పై మంది రోగులు కూర్చుని ఉన్నారు. కాగితం మడిచి ఆయన చేతికిస్తూ, "ఏమీ కాదు, నిశ్చింతగా ఎక్కిరండి" అన్నాను.

పది రోజుల తర్వాత శివరాత్రి నాడు కొండ దిగువన ప్రథమ చికిత్స శిబిరంలో ఉన్నాను. మధ్యాహ్నం దాటింది. ప్రభలు ఒకటొకటిగా చేరుతున్నాయి. ఇద్దరు యువకులు ఒక మనిషిని చేతులమీద మోసుకుంటూ మెట్లు దిగి వచ్చారు. ఆయనే. నాడి లేదు, శ్వాస లేదు. అరగంటసేపు ఛాతీ మీద ఒత్తుతూ, మధ్యమధ్య శ్వాస అందిస్తూ శ్రమించాను. గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చే పరికరం ఆ రోజులలో అటువంటి శిబిరాలలో ఉండేది కాదు. ఆయన బతకలేదు.

పక్కన కూలబడిన ఆయన భార్య నా ముఖంలోకి చూసి ఒక్క మాట అన్నారు. "ఏం కాదన్నారు గదా బాబూ!"

ఆ మాటలో నింద లేదు, ఆశ్చర్యమే ఉంది. అందుకే అది నన్ను ఇన్నేళ్లూ వెన్నాడింది. ఎక్కడ పొరబడ్డాను? ఇంకేదైనా పరీక్ష చేసి ఉంటే ఆ రోజును ముందే చూడగలిగేవాడినా? ఈ ప్రశ్నలతో సతమతమవుతున్న కాలంలోనే, వైద్యశాస్త్రానికి వెలుపలి నుంచి ఒక సిద్ధాంతం నా దృష్టికి వచ్చింది.

అమెరికాలో చదువుకొంటున్న మా మేనల్లుడు సెలవులకు వస్తూ ఒక పుస్తకం తెచ్చాడు. 1987లో జేమ్స్ గ్లైక్ రాసిన 'కేయాస్'. "మామయ్యా, ఇందులో గుండె గురించి కూడా ఉంది, చదవండి" అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఆనాడు నాకు అర్థమైనదీ, తర్వాతి కాలంలో నేర్చుకొన్నదీ మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు అంకెలు తెచ్చిన మార్పు

తెలుగులో దీనిని కల్లోల సిద్ధాంతం అనవచ్చు. కాని కల్లోలం అనగానే నియమం లేని గందరగోళం మనసుకు తడుతుంది. ఈ శాస్త్రం చెప్పేది దాదాపు దానికి విరుద్ధం. అందుచేత కేయాస్ అన్న పేరునే వాడుతాను.

న్యూటన్ తర్వాతి శాస్త్రజ్ఞులకు ఒక గొప్ప ధీమా ఉండేది. ఈ క్షణంలో విశ్వంలోని ప్రతి కణం ఎక్కడ ఉన్నదో, ఏ బలానికి లోనై ఉన్నదో తెలిసిన మేధస్సు ఒకటి ఉంటే, దానికి భవిష్యత్తంతా గతం వలెనే స్పష్టంగా కనిపిస్తుందని 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ రాశాడు. గ్రహణాలు చెప్పిన ఘడియకే రావడం ఆ ధీమాకు ఆధారం.

ఆ ధీమాకు మొదటి పగులు మరొక ఫ్రెంచి గణితవేత్త చేతిలో ఏర్పడింది. స్వీడన్ రాజు రెండవ ఆస్కార్ అరవయ్యవ పుట్టినరోజును పురస్కరించుకొని నడిపిన పోటీలో, పరస్పరం ఆకర్షించుకొనే మూడు ఖగోళ వస్తువుల గమనంపై రాసిన వ్యాసానికి ఆన్రీ పొయన్‌కరే బహుమతి పొందాడు. అచ్చుకు ముందు వచ్చిన సందేహాలకు సమాధానం వెదుకుతూ, తన వ్యాసంలో పెద్ద పొరపాటు ఉన్నదని ఆయనే గుర్తించాడు. దానిని దిద్దుకొనే ప్రయత్నంలోనే, సులభమైన నియమాలకు లోబడిన మూడు వస్తువులు సైతం ఎన్నటికీ తెమలని చిక్కుదారులలో సంచరించగలవని కనిపెట్టాడు. సరిదిద్దిన వ్యాసం 1890లో వెలువడింది. ఒక పొరపాటును ఒప్పుకోవడం నుంచి ఒక శాస్త్రం మొలకెత్తిందన్న సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చింది.

అసలు కథ 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో నడిచింది. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు పన్నెండు సమీకరణాలతో ఒక బొమ్మ వాతావరణాన్ని సృష్టించి, పాతకాలపు కంప్యూటరుపై దానిని నడుపుతున్నాడు. ఒకనాడు పాత లెక్కలో కొంత భాగాన్ని మళ్ళీ చూడదలచి, మధ్యలో అచ్చయిన అంకెలనే తిరిగి యంత్రానికి ఇచ్చి కాఫీ తాగడానికి వెళ్ళాడు. గంట తర్వాత వచ్చి చూస్తే కొత్త వాతావరణం కొంతదూరం పాతదాని అడుగుజాడలలోనే నడిచి, క్రమంగా పక్కకు తప్పుకొని, చివరకు పాతదానితో ఏ పోలికా లేకుండా పోయింది.

యంత్రం చెడిపోలేదు. యంత్రం తన జ్ఞాపకంలో 0.506127 అని ఆరు స్థానాల వరకు ఉంచుకొంటుంది. కాగితంపై చోటు కలిసిరావడానికి 0.506 అని మూడు స్థానాలే అచ్చు వేస్తుంది. లోరెంజ్ ఇచ్చినది ఆ మూడు అంకెల సంఖ్యను. తేడా పదివేలలో ఒకటి రెండు వంతులు మాత్రమే. అంత చిన్న తేడా నెలల వాతావరణాన్నే మార్చివేసింది. 1963లో ఆయన దీనిపై ప్రచురించిన వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1972లో ఒక సభలో, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్కలల్లారిస్తే టెక్సాస్‌లో సుడిగాలి లేస్తుందా అన్న శీర్షికతో ఆయన ప్రసంగించిన తర్వాత ఈ భావన లోకమంతా పాకింది.

వాన చినుకు, తిరునాళ్ల జీళ్లు

'చిన్న కారణం, పెద్ద ఫలితం' అన్నదే కేయాస్ అని చాలామంది అనుకొంటారు. అది సగం నిజమే. మిగిలిన సగం తెలుసుకోవడానికి మన కొండకే వెళదాం.

కోటప్పకొండకు త్రికూటమని పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ దూరం నుంచే కనిపిస్తాయి. స్థలపురాణంలో గొల్లభామ ఆనందవల్లి కథ ఉంది. ఆమె కోరికపై స్వామి కొండ దిగి ఆమె వెంట బయలుదేరాడట. వెనుదిరిగి చూడవద్దని షరతు. దారిలో ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. తల తిప్పిన ఆ ఒక్క క్షణం ఆలయం ఉండవలసిన చోటును నిర్ణయించింది.

కొండ శిఖరాంచుపై పడే వాన చినుకులదీ ఇదే కథ. వెంట్రుక వాసి ఎడంతో పడిన రెండు చినుకులలో ఒకటి ఈ వాలుకు, మరొకటి ఆ వాలుకు జారి వేరువేరు చెరువులలో చేరవచ్చు. కాని అంచు దాటి నాలుగడుగులు దిగువన పడిన చినుకులకు ఆ సందిగ్ధం లేదు. పక్కపక్కన పడినవి ఒకే వాగులో కలుస్తాయి. అంటే ఇక్కడ సున్నితత్వం ఒక్క అంచు దగ్గరే ఉంది. కేయాస్‌లో అలా కాదు. అక్కడ నడిచే దారిలో అడుగడుగూ శిఖరాంచే.

అదెలా సాధ్యమో తిరునాళ్ల అంగళ్లలో జీళ్లు చేసేవారిని చూస్తే తెలుస్తుంది. గుంజకు కొట్టిన మేకుకు బెల్లం పాకాన్ని తగిలించి బారెడు పొడవున లాగుతారు. దానిని మధ్యకు మడిచి మళ్ళీ మేకుకు వేస్తారు. మళ్ళీ లాగుతారు, మళ్ళీ మడుస్తారు. ముదురు రంగు పాకం చూస్తుండగానే తెల్లబడుతుంది. ఆ పాకంలో వెంట్రుక మందం ఎడంతో, అంటే మిల్లీమీటరులో పదవ వంతు దూరంలో రెండు నువ్వు గింజల మధ్యబిందువులు ఉన్నాయని ఊహించండి. లాగినప్పుడల్లా వాటి ఎడం రెట్టింపవుతుంది. పద్నాలుగు లాగుడులకు ఆ ఎడం లెక్కప్రకారం మీటరున్నర దాటుతుంది. కాని పాకం గుంజను వదలి ఎక్కడికీ పోదు, మడత దానిని వెనక్కు తెస్తూనే ఉంటుంది. ఆ పైన ఒక గింజ ఎక్కడున్నదో చూసి రెండవది ఎక్కడున్నదో చెప్పలేము.

లాగడం తేడాలను పెంచుతుంది, మడవడం వాటిని హద్దులో ఉంచి కలగలుపుతుంది. ఈ రెండూ కలిసి నిరంతరం సాగడమే కేయాస్ మూలరహస్యం. ఇందులో మాయ లేదు, అదృష్టం లేదు. లాగే చేతికి ఒకే నియమం, మడిచే చేతికి ఒకే నియమం.

ఇందులోనే మరొక కఠినమైన పాఠం ఉంది. ఆ గింజల తొలి ఎడాన్ని మనం వెయ్యి రెట్లు సూక్ష్మంగా కొలిచామనుకొందాం. ఎంత ఎక్కువకాలం ముందుచూపు లభిస్తుంది? వెయ్యి రెట్లు కాదు. పదిసార్లు రెట్టిస్తే 1024 అవుతుంది కనుక, మరో పది లాగుడులు మాత్రమే. కొలతకు వెయ్యింతలు శ్రమపడితే భవిష్యత్తు పది అడుగులు మాత్రమే అదనంగా కనిపిస్తుంది. అందువల్ల యంత్రాలు ఎంత మెరుగైనా ముందుచూపుకు ఒక పొలిమేర ఉంటుంది.

నమ్మకం కలగకపోతే మీ చరవాణిలోని గణనయంత్రం తీయండి. సున్నకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకొని, దానిని ఒకటి నుంచి తీసివేయండి. ఆ రెండు సంఖ్యలను గుణించి, వచ్చినదానిని నాలుగుతో గుణించండి. ఫలితంతో మళ్ళీ అదే పని చేయండి. 0.400తో మొదలుపెడితే వరుసగా 0.960, 0.154, 0.520, 0.998 వస్తాయి. 0.401తో మొదలుపెడితే 0.961, 0.151, 0.512, 0.999 వస్తాయి. ఇంతవరకు అవి కవలపిల్లలే. పదవ అడుగుకు చేరేసరికి మొదటిది 0.298 దగ్గర, రెండవది 0.997 దగ్గర ఉంటాయి. జీవుల సంఖ్య ఏటేటా పెరిగి తరిగే తీరును ఇటువంటి చిన్న సూత్రంతోనే పరిశీలించి, సులభమైన నియమాల నుంచి ఎంత సంక్లిష్టమైన ప్రవర్తన పుడుతుందో 1976లో రాబర్ట్ మే వివరించాడు. ఈ ప్రవర్తనకు గణితంలో కేయాస్ అన్న పేరు అంతకు ముందటి ఏడాది లీ, యార్క్ అనే ఇద్దరు గణితవేత్తల వ్యాసంతో స్థిరపడింది.

తెలిసేదీ, తెలియనిదీ

అయితే ఏదీ తెలియదని నిరాశ పడవలసిన పని లేదు. మే నెల రెండవ వారంలో ఫలానా రోజున నరసరావుపేటలో వాన పడుతుందా అని జనవరిలో ఎవరూ చెప్పలేరు. కాని మే నెలలో రెంటచింతల ఎండలు మండుతాయని చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కేయాస్ వ్యవస్థ తన హద్దులలోనే తిరుగుతుంది. హద్దులు తెలుస్తాయి, వాటి లోపల నడిచే దారి తెలియదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ సత్యాన్ని అంగీకరించి తమ పద్ధతి మార్చుకొన్నారు. 1992 చివరి నుంచి ఐరోపా, అమెరికా కేంద్రాలు ఒకే లెక్కతో తృప్తిపడక, ఆరంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి అనేక లెక్కలు నడపడం మొదలుపెట్టాయి. అన్నీ ఒకే చోటికి చేరితే ధైర్యంగా చెబుతారు. చెల్లాచెదురైతే తమ సందేహాన్ని కూడా చెబుతారు. గడియ గడియకూ కొత్త కొలతలు చేర్చి మళ్ళీ లెక్కిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకుతుందని ముందే తెలిసింది. అంతకు ముందు ఏడాది నవంబరులో అతి తీవ్ర తుపానుగా బంగాళాఖాతంలో భయపెట్టిన లెహర్ మాత్రం సముద్రంలోనే వేగంగా బలహీనపడి, 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా తీరం దాటింది. ముందుగా తరలించినందుకు ఎవరూ నష్టపోలేదు. సూచన జోస్యం కాదనీ, జాగ్రత్తకు సాధనమనీ ఆ రెండు తుపానులు మనకు నేర్పాయి.

గుండె గడియారం కాదు

ఇక వైద్యానికి వద్దాం. ఆరోగ్యవంతుని గుండె గడియారంలా కొట్టుకొంటుందని నేను విద్యార్థిగా ఉన్నప్పుడు భావించేవాడిని. అది నిజం కాదు. మణికట్టుపై మూడు వేళ్లుంచి నెమ్మదిగా దీర్ఘశ్వాస తీసుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు నాడి కొద్దిగా వేగిరపడుతుంది, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది. చిన్న వయసు వారిలో ఇది బాగా తెలుస్తుంది. నిమిషానికి 72 స్పందనలంటే అవి సమాన దూరంలో నాటిన స్తంభాలు కావు. స్పందనకూ స్పందనకూ నడుమ కాలం ఎప్పుడూ కొద్దిగా మారుతూనే ఉంటుంది. మెదడు, స్వయంచాలక నాడులు, ఊపిరి, రక్తపుపోటు అన్నీ గుండెతో జరిపే సంభాషణ అది.

ఈ సంభాషణ ఆగిపోవడం మంచిది కాదు. గర్భస్థ శిశువు గుండె వేగాన్ని నమోదు చేసే పరీక్షలో గీత సన్నని అలలతో కదులుతూ ఉంటే ప్రసూతి వైద్యులు ఊరట చెందుతారు. ఆ అలలు చాలాసేపు మాయమై గీత చదునైతే, శిశువు నిద్రలో ఉన్నదా, తల్లికిచ్చిన మందుల ప్రభావమా, లేక శిశువుకు ప్రాణవాయువు చాలడం లేదా అని అప్రమత్తమవుతారు. దీర్ఘకాలం అదుపు తప్పిన మధుమేహం స్వయంచాలక నాడులను దెబ్బతీసినప్పుడు కూడా గుండె లయలోని ఈ వైవిధ్యం తగ్గిపోతుంది. గుండెపోటు నుంచి బయటపడిన 808 మందిని పరిశీలించి 1987లో క్లైగర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, లయ వైవిధ్యం బాగా తగ్గినవారికి మరణాపాయం, వైవిధ్యం బాగా ఉన్నవారితో పోలిస్తే 5.3 రెట్లు ఉన్నట్లు తేలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ఆరోగ్యకరమైన వైవిధ్యం గణితం చెప్పే కచ్చితమైన కేయాస్ అవునా, కాదా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య వివాదాంశం. శరీరంలో ఇన్ని ప్రభావాలు పెనవేసుకొని ఉండగా వాటిని విడదీసి నిరూపించడం కష్టం. అంతేకాక, లయ తప్పడం అంతా ఆరోగ్యమనీ అనుకోరాదు. కర్ణికా ప్రకంపనంలో నాడి ఏ క్రమమూ లేకుండా కొట్టుకొంటుంది. అందులో గుండె లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. నాడి పూర్తిగా క్రమం తప్పినట్లు తోస్తే ఇ.సి.జి. తీయించుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది జఠరికా ప్రకంపనం. అందులో విద్యుత్ తరంగం గుండె కండరంలో సాఫీగా పాకదు. వాగులో సుడులవలె తిరిగి, ముక్కలై, ఆ ముక్కలు మళ్ళీ సుడులవుతాయి. కండరం వణుకుతుందే గాని రక్తాన్ని తోయదు. నిమిషాలలో ప్రాణం పోతుంది. ఆనాడు కొండ మెట్లపై ఆ రైతుకు జరిగినది ఇదేనని నా అభిప్రాయం. మూసుకుపోతున్న హృద్ధమనులు, ఉపవాసం, నీరు తగ్గిన దేహం, ఎండ, ఎక్కుడు శ్రమ అన్నీ ఒక చోట కూడాయి.

గుండె కణాలు క్రమబద్ధమైన లయ నుంచి కేయాస్‌లోకి జారగలవని ప్రయోగశాలలో రుజువైంది. 1981లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గెవారా, గ్లాస్, ష్రియర్ కోడిపిండపు గుండె కణాలపై విద్యుత్ స్పందనలను వేర్వేరు వ్యవధులలో ప్రయోగించి దీనిని చూపారు. 1992లో గార్‌ఫింకెల్ బృందం మందుతో లయ తప్పించిన కుందేలు గుండె కండరానికి, అదను చూసి అతి స్వల్పమైన విద్యుత్ స్పందనలు ఇచ్చి లయను చాలావరకు దారికి తెచ్చింది. సున్నితత్వం రెండు వైపులా పదునున్న కత్తి. చిన్న తేడా చెడగొట్టగలిగిన చోట, సమయానికి చేసిన చిన్న సవరణ బాగుచేయనూ గలదు.

సాకుగా మారకూడని సిద్ధాంతం

మొదటిసారి ఈ విషయాలు చదివినప్పుడు నా గుండె తేలికపడిందని ఒప్పుకొంటాను. ఆ రోజును ఏ వైద్యుడూ ముందుగా చూడలేడు కదా, నా తప్పేముంది అనిపించింది. ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు.

దినకర్మల తర్వాత ఒక కాగితంపై సంతకం కోసం ఆయన భార్య నా దగ్గరకు వచ్చారు. మాటల మధ్య చెప్పారు. అంతకు నెలరోజుల ముందు నుంచీ ఆయన పొలం గట్టున నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, రొమ్ము పట్టుకొని కాసేపు నిలబడేవారట. అడిగితే "గ్యాసు" అనేవారట. నేను ఆ ప్రశ్న అడగలేదు. విశ్రాంతిలో తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన హృద్ధమనులు బాగున్నట్లు కాదని నేను చదువుకొన్నవాడినే. నడిచినప్పుడు గుండె బరువెక్కుతున్నదా, ఆగితే తగ్గుతున్నదా అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను ఆయనకు ఇవ్వలేదు.

కనుక తెలియనితనం రెండు విధాలు. ఎంత వెదికినా ఎవరికీ తెలియనిది ఒకటి. అడిగితే తెలిసేదై ఉండి, అడగకపోవడం వల్ల తెలియనిది మరొకటి. ఆయన మరణం ఏ మెట్టుపై, ఏ నిమిషంలో వస్తుందో తెలియకపోవడం మొదటి రకం. ఆయన గుండె ప్రమాదంలో ఉన్నదని తెలియకపోవడం రెండవ రకం. కేయాస్ సిద్ధాంతం మొదటిదానికి మాత్రమే సమాధానం. రెండవదానికి దానిని సాకుగా వాడుకోవడం శాస్త్రానికీ, ఆ రైతుకూ అపచారం.

ఆ తర్వాత నా వృత్తిజీవితంలో "ఏమీ కాదు" అన్న మాటను మానుకొన్నాను. దాని స్థానంలో మూడు మాటలు చెప్పేవాడిని. ఇప్పటికి తెలిసినది ఇది. నాకు తెలియనిది ఇది. ఈ లక్షణం కనిపిస్తే ఆగి, వెంటనే రండి. కొందరికి ఆ జవాబు నచ్చేది కాదు. రోగులు వైద్యుని దగ్గర అభయం కోరుతారు. కాని అబద్ధపు అభయం కంటే సరైన జాగ్రత్త మేలు.

కొండ ఎక్కేవారికి

అందుచేత చదువరులకు కొన్ని సూచనలు. ఇవి కోటప్పకొండకే కాదు, ఏ కొండకైనా వర్తిస్తాయి.

నలభై ఏళ్లు దాటి, మధుమేహం, రక్తపుపోటు, పొగ అలవాటు, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు కొండ ఎక్కదలిస్తే కొన్ని వారాల ముందే వైద్యుని సంప్రదించండి. నడిచినప్పుడు ఛాతీలో బిగువు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే దాచకండి. దానికి మీరే గ్యాసు అని పేరు పెట్టకండి.

ఉపవాసం పేరుతో మందులు మానకండి. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందుగా వైద్యుని అడిగి మోతాదు నిర్ణయించుకోండి. నీరు తాగండి.

మెట్లపై ఛాతీ బిగిస్తే ఇంకొంచెమే ఉందని ముందుకు పోకండి. కూర్చోండి, పక్కవారికి చెప్పండి, 108కి ఫోను చేయించండి.

ఎవరైనా కుప్పకూలి, పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే 108కి ఫోను చేసి, వెంటనే ఛాతీ నడుమ రెండు అరచేతులతో గట్టిగా, వేగంగా ఒత్తండి. పెద్దవారిలో 5, 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. గుండెకు విద్యుత్ ఘాతమిచ్చే పరికరం దగ్గరలో ఉంటే తెప్పించండి. ఏ సాయమూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కొండ దిగువకు మోసుకొని పోవడం కాదు, పడిన చోటనే మొదలుపెట్టడం ముఖ్యం.

ప్రభను చూసినప్పుడల్లా నాకు ఒక విషయం స్ఫురిస్తుంది. తాటిచెట్టును మించిన ఎత్తున, విద్యుద్దీపాలతో ఊగుతూ వచ్చే ఆ ప్రభ స్వతహాగా నిలిచేది కాదు. గాలి ఎటు వీస్తుందో, చక్రం ఏ గుంతలో పడుతుందో ముందుగా లెక్కించి దానిని ఎవరూ నడపరు. నాలుగు వైపులా మోకులు పట్టుకొన్నవారు తలలెత్తి చూస్తూనే ఉంటారు. జానెడు ఒరగగానే కొద్దిగా లాగుతారు. బారెడు ఒరిగేదాకా ఆగితే ఊరంతా కలిసి లాగినా నిలవదు. వైద్యం కూడా అంతే. జోస్యం మన పని కాదు. చూస్తూ ఉండడం, ఒరిగినప్పుడు అదనుకు లాగడం మన పని.

నిరుడు శివరాత్రికి ముందు మా వీధిలో ఉండే ఒక పెద్దాయన అదే ప్రశ్న వేశారు. ఈసారి నేను తొందరపడలేదు. అడగవలసినవన్నీ అడిగి, గుండె వైద్యునికి చూపించమన్నాను. పరీక్షల తర్వాత ఆ వైద్యుడు ఘాట్ రోడ్డున వెళ్ళమని సలహా ఇచ్చాడట. కుమారునితో కలిసి బస్సులో వెళ్ళి దర్శనం చేసుకొని, మర్నాడు జీళ్ల పొట్లంతో మా ఇంటికి వచ్చారు. నాకూ మధుమేహమే. ఒక్కటే తిన్నాను.